ఘాతం ప్రధాన సంఖ్య అయితే చాలదండీ

మెర్సెన్ సంఖ్యల (2ను ఏదో ఒక ఘాతానికి పెంచి 1 తీసేస్తే వచ్చేవి) మీద మీ వ్యాసం బాగుందండీ, ఒక్క మాట దగ్గరే తప్పింది. "ఘాతం ప్రధాన సంఖ్య అయితే మెర్సెన్ సంఖ్య కూడా ప్రధాన సంఖ్యే" అన్నారు. ఘాతంగా 11 వేసి చూడండి: 2^11−1 = 2047 = 23×89. ఘాతం ప్రధాన సంఖ్య కావాలి, కానీ అదొక్కటే చాలదు.

మెర్సెన్ సంఖ్య ప్రధాన సంఖ్యో కాదో తేల్చేది లూకాస్-లేమర్ పరీక్ష. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి 2 తీసేసి, పరీక్షించే సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. ఘాతం కంటే రెండు తక్కువ సార్లు. 31కి (ఘాతం 5) మూడే అడుగులు: 14, 8, 0. సున్నా వచ్చింది, ప్రధాన సంఖ్యే. 2047కి తొమ్మిది అడుగుల తర్వాత 1736 మిగులుతుంది, కాదు. ప్రతి అడుగులో శేషం తీయకపోతే అంకెలు రెట్టింపవుతూ పోయి కాలిక్యులేటర్ చేతులెత్తేస్తుంది.

2024 అక్టోబరులో దొరికిన మెర్సెన్ ప్రధాన సంఖ్య 2^136279841−1లో 4,10,24,320 అంకెలు. ఘాతాన్ని 0.30103తో (10 ఆధారంగా 2కి లాగ్) గుణించి, పూర్ణాంక భాగానికి 1 కలిపితే 4,10,24,321 వస్తుంది, ఒకటి ఎక్కువ! లాగ్ విలువ 0.3010299957 తీసుకోవాలి. చివరి అంకె 1: ఘాతాన్ని 4తో భాగిస్తే శేషం 1, కనుక 2^ఘాతం 2తో ముగుస్తుంది.

వ్యాసంలో దీన్ని "52వ మెర్సెన్ ప్రధాన సంఖ్య" అన్నది కూడా "తెలిసినవాటిలో 52వది" అని మార్చండి. దీనికంటే చిన్నది ఏదైనా మధ్యలో మిగిలిపోయి ఉండొచ్చు.