వెంట్రుకవాసి తేడాకు ఏమవుతుందట!

ఈ రోజు మధ్యాహ్నం నా ఎనిమిదో చక్రం పాడయింది. బొగ్గు మోసే బాక్స్-ఎన్ వ్యాగన్‌కు ముప్పై రెండో వంతు కొలతలో నమూనా చేస్తున్నాననీ, అసలు చక్రం వ్యాసం కొత్తగా ఉన్నప్పుడు 1000 మిల్లీమీటర్లు కనుక నాది 31.25 మిల్లీమీటర్లు ఉండాలనీ ఇక్కడ రాసి రాసి మిమ్మల్ని విసిగించాను. ఏడు చక్రాలు కుదిరాయి. లేత్ మిషన్ మీద ఇనుప కడ్డీ చివరన ఎనిమిదోదానికి అంచు చెక్కి, పట్టా మీద దొర్లే ముఖానికి ఇరవైకి ఒకటి చొప్పున వాలు కూడా ఇచ్చి, ఇరుసు రంధ్రం వేయబోతుండగా ఫోన్ మోగితే పది నిమిషాలు వరండాలోకి వెళ్లాను. ఇందుకూరుపేట నుంచి కావలికి చుట్టపుచూపుగా వచ్చిన మా బావమరిది, ఆ పది నిమిషాలలో కడ్డీని పట్టి తిప్పే చక్‌ను వదులు చేసి, కడ్డీ బయటికి లాగి, ముచ్చటగా అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ బిగించి, ఏమీ ఎరుగనివాడిలా వెళ్లి కూర్చున్నాడు.

బిగించే చక్ తాళం కూడా దానికే వదిలేశాడు. అలాగే స్విచ్ వేసి ఉంటే అది ఎగిరివచ్చి ఎవరి మొహాన తగిలేదో! నేనే మరిచిపోయాననుకుని నన్ను నేనే తిట్టుకున్నాను.

డ్రిల్ వేసి, రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు తెచ్చే రీమర్ దించి, సన్నటి ఊపునైనా ముల్లుతో చూపే డయల్ గేజ్‌ను చక్రం ముఖానికి ఆనించి చేత్తో తిప్పితే ముల్లు పద్నాలుగు గీతలు ఊగింది. గీతకు 0.01 మిల్లీమీటరు చొప్పున మొత్తం ఊపు 0.14, అంటే అందులో సగం, 0.07, రంధ్రం నడిమధ్య నుంచి పక్కకు జరిగింది. అప్పుడు తెలిసింది సంగతి. "వెంట్రుకవాసి తేడాకు ఇంత రాద్ధాంతమా బావా?" అన్నాడు. తల వెంట్రుక మందం ఇంచుమించు అంతే ఉంటుంది. పుట్టి బుద్ధెరిగాక ఆయన చెప్పిన సరైన కొలత అదొక్కటే.

మూడు దవడల చక్ ఒకసారి వదిలిన కడ్డీని మళ్లీ అదే నడిమధ్యన పట్టుకోదు. అందుకే ముఖమూ, రంధ్రమూ ఒకే పట్టులో పూర్తిచేసి, ఆ తరువాతే కడ్డీ నుంచి కోసి వేరుచేస్తాము. పోనీ, ఇప్పుడు రంధ్రాన్నే ఆధారం చేసుకుని ముఖాన్ని మళ్లీ తీద్దామంటే చక్రం 31.11కు దిగిపోతుంది. ఒకే ఇరుసుకు బిగించిన రెండు చక్రాలూ కలిసి తిరగవలసినవి గనుక, ఒకటి చిన్నదైతే బండి ఆ పక్కకే లాగుతుంది. అంటే నిక్షేపంలాంటి ఏడోదాన్ని కూడా నేను అరగదీసుకోవాలి. బిట్రగుంట యార్డులో వ్యాగన్లు లెక్కపెడుతూ పెరిగినవాణ్ని, పట్టాల మీద కుంటే వ్యాగన్ చేసి షోకేసులో పెట్టుకోలేను.

ఇంతకీ మా వాడు రొయ్యల చెరువుల ఆసామి. కిలోకు నలభై కౌంటు అని తాను, కాదు నలభై ఒకటి అని కొనేవాడు, ఆ ఒక్క రొయ్య కోసం చెరువు గట్టున గంటసేపు కాటా ముందు నిలబడి కేకలు వేసుకోవడం నేను కళ్లారా చూశాను. అక్కడ ఒక్క రొయ్య కూడా అటూ ఇటూ కాకూడదు! ఇనుము దగ్గరికి వచ్చేసరికి మాత్రం వెంట్రుక లెక్కలోది కాదట.

అసలు ఈ లేత్ మిషన్ ఇంటికి వచ్చిన రోజునే, "ఈ డబ్బుతో మా అక్కకు నాలుగు గాజులు వచ్చేవి" అని నడింట్లో నిలబడి అన్నది ఈయనే. ఆ ఒక్క మాటతో రెండేళ్లుగా ఈ ఇంట్లో నేను చక్ బిగించినప్పుడల్లా గాజుల ప్రస్తావన వస్తోంది. గాజు గుండ్రంగా లేకపోయినా చేతికి ఎక్కుతుందమ్మా, చక్రం ఇరుసుకు ఎక్కి తిరగాలి కదా అంటే వినేవారెవరు?

రేపు మళ్లీ 40 మిల్లీమీటర్ల కడ్డీ ముక్క కోయించుకుని రావాలి. ఆయన హాల్లో గురక పెడుతున్నాడు. చక్ తాళం నా చొక్కా జేబులో ఉంది.