సవరణ: ట్రాన్సమ్ బోల్టు రంధ్రాల గురించి

పడవ ట్రాన్సమ్‌ను, అంటే ఔట్‌బోర్డ్ ఇంజన్ బిగించే వెనుక పలకను, ఇంట్లోనే బలపరచుకునే పద్ధతిపై ఇదివరకు రాసినప్పుడు, బోల్టు రంధ్రాల చుట్టూ సిలికాన్ సీలెంట్, అంటే నీరు దిగకుండా సందులు మూసే పూత, పూస్తే చాలునని చెప్పాను. అది తప్పు. ఇంజన్ అదురుకు ఆ పూత క్రమంగా వదులై, నీరు రంధ్రం అంచునుంచి ప్లైవుడ్ పొరల్లోకి దిగుతుంది. పైనున్న ఫైబర్‌గ్లాస్ నిగనిగలాడుతున్నా, లోపలి చెక్క నల్లబడి వేలితో నొక్కితే పొడిగా రాలేదాకా ఆ సంగతి బయటపడదు.

చేయవలసింది ఇది: 12 మి.మీ. బోల్టు కోసం రంధ్రాన్ని 18 మి.మీ. వరకు పెద్దది చేసి, చెక్క పూర్తిగా ఆరాక లోపలి అంచుకు పలుచని ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) పట్టించి, వెనుక టేపు అంటించి, చిక్కగా కలిపిన ఎపాక్సీతో నింపాలి. అది బాగా గట్టిపడిన తరువాత నట్టనడుమ 12 మి.మీ. రంధ్రం వేస్తే, బోల్టు చుట్టూ చెక్క కాక ఎపాక్సీ గోడే ఉంటుంది. సీలెంట్ ఆపైన అదనపు రక్షణ మాత్రమే. అదైనా సముద్రపు పడవలకు వాడే రకమే కావాలి.

నా మాట నమ్మి ఇప్పటికే బిగించినవారు, దయచేసి ఈ సీజన్‌లోనే బోల్టులు విప్పి చూడండి.