మీథేన్ దిగుబడి పెంచుకోవడం ఎలా?

పారిశ్రామిక విప్లవానికి ముందు, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు గాలిలో పది లక్షల పాళ్లకు 0.7 పాలు ఉండేది. ఇప్పుడు 1.9 దాటింది. ఇంత వృద్ధి సాధించిన మనల్ని మెచ్చుకోకపోగా, ఘనతంతా గేదెకు కట్టబెడుతున్నారు. గేదె మీథేన్‌లో నూటికి తొంభై పాళ్లకు పైగా వచ్చేది నోటి నుంచే, త్రేన్పుగా. వెనకవైపు చూసి నవ్వేవాళ్లు దయచేసి ముందుకొచ్చి నిలబడాలి.

మనుషుల వల్ల వెలువడే మీథేన్‌లో పశువుల వాటా దాదాపు మూడో వంతు, వరి మళ్లది 8 శాతం. గేదెకు సలహాలు అక్కర్లేదు. మడికే మన సహకారం కావాలి.

ముందు గడ్డి. నాట్లకు వారం ముందు దమ్ములో కలియదున్నండి. నెల ముందే పొడి దుక్కిలో కలిపితే గాలి తగిలి కుళ్లి, కొంత కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది, ముడిసరుకు దండగ. (తగలబెట్టేవారి సంగతి వేరే శాఖ చూసుకుంటుంది.)

తర్వాత నీళ్లు. నాటు నుంచి కోత ముందు దాకా మడి ఆరకూడదు. నీళ్లు నిలిచిన మట్టిలో ఆక్సిజన్ ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. ఆపైన సూక్ష్మజీవులది బంతి భోజనం: నైట్రేటు తినేవి ముందు కూర్చుంటాయి, తర్వాత మాంగనీసు, ఇనుము, సల్ఫేటు వాడుకునేవి, ఆఖరి బంతిలో మీథేన్ చేసేవి. వాటి వంతు రావడానికి రెండు వారాల దాకా పట్టొచ్చు. మధ్యలో ఒక్కసారి మడి ఆరి నెర్రెల్లోకి గాలి దూరిందా, వడ్డన మళ్లీ మొదటికొస్తుంది.

బురదలో కాలు పెడితే వేళ్ల సందుల్లోంచి బుడగలు లేస్తాయి. కుళ్లిన గుడ్ల కంపు మాత్రం హైడ్రోజన్ సల్ఫైడ్‌ది, మీథేన్‌కు వాసనే లేదు. బుడగల్లో పోయేది కొంతే. వేళ్లకు గాలి దించడానికి వరి కాడలో ఉన్న దారిలోనే ఎక్కువ భాగం పైకెక్కిపోతుంది.

సరుకుకు ఒక్కటే లోపం, గాలిలో సగటున పన్నెండేళ్లే నిలుస్తుంది. ఇరవై ఏళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు వేడెక్కించినా, తయారీ తగ్గిస్తే ఒకటి రెండు దశాబ్దాల్లోనే ఆ తేడా తెలిసిపోతుంది. అందుకే ఏటా రెండు పంటలూ మానకూడదు. 2030 నాటికి 30 శాతం తగ్గిస్తామని 2021లో గ్లాస్గోలో వందకు పైగా దేశాలు మాటిస్తే, మన దేశం ఆ జట్టులో చేరలేదు.

ఈ సాగుకు బద్ధశత్రువు, మడిలో నీటిమట్టం చూసే అడుగు పొడవు ప్లాస్టిక్ గొట్టం. వెడల్పు 10-15 సెంటీమీటర్లు, కింది సగానికి చుట్టూ రంధ్రాలు. 15 సెంటీమీటర్లు భూమిలోకి దించి లోపలి మట్టి తీసేస్తారు. లోపలా బయటా నీటిమట్టం ఒకటి కాకపోతే రంధ్రాలు పూడినట్టే. నాటిన రెండు వారాల తర్వాత మొదలుపెట్టి, గొట్టంలో నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగాకే మళ్లీ 5 సెంటీమీటర్లు పెడతారు. కలుపు ఎక్కువుంటే ఇంకో రెండు మూడు వారాలు ఆగుతారు. పూతకు వారం ముందూ వారం తర్వాతా ఆరనివ్వరు. మీథేన్ మూడో వంతు నుంచి సగం దాకా పడిపోతుంది. వడ్లు మాత్రం తగ్గవు, అదే అసలు కుట్ర. తడీ పొడీ మారినప్పుడు యూరియా నుంచి నైట్రస్ ఆక్సైడ్ అనే మరో వేడెక్కించే వాయువు కొంత పెరుగుతుంది. వాదనకు దాన్నే పట్టుకోండి. అది కలిపినా సాధారణంగా లాభమేనన్న లెక్క ఎత్తకండి.

మన వైపు ఆటో స్టార్టరు ఉంది. కరెంటు రాగానే మోటారు తనంతట తానే లేస్తుంది, గొట్టంలో నీళ్లెంతో అడగదు. బిల్లు లేదు కనుక ఎక్కువ పారిన నీటికి ఖర్చూ లేదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు ఇస్తూ, ఆటో స్టార్టర్లను తీసేయమని ప్రభుత్వమే కోరింది. అర్ధరాత్రి కరెంటుకు లేచి పాముకో షాకుకో బలైనవాళ్లను చూసి పెట్టుకున్న పెట్టె అది, తీయమంటే ఎవరు తీస్తారు?

కాలువ కింద ఆ పెట్టె కూడా అక్కర్లేదు. మళ్లీ వంతు ఎప్పుడో తెలియని చివరి భూముల రైతు, నీళ్లొచ్చిన రోజే గట్టు తెగేదాకా పెట్టుకుంటాడు. మడి నుంచి మడికి పారే చోట పైవాడు ఆరబెడతానంటే కిందివాడు ఊరుకోడు. అక్కడ గొట్టం పనిచేయాలంటే ముందు వంతుల తేదీలు రాసి తూము దగ్గర అంటించాలి, ఆ తేదీకి నీళ్లు వదలాలి. ఆ ప్రమాదం ఇప్పట్లో కనిపించడం లేదు.