తక్కువ స్కోరు, ఎక్కువ సేవ

అమెరికాలో పైచదువుల కోసం రాసే జీఆర్‌ఈ పరీక్షలో 332 తెచ్చుకున్న కుర్రాడి వల్ల సమాజానికి ఒరిగిందేమిటి? తలుపేసుకుని చదువుకున్నాడు, అప్లికేషన్లు తనే పెట్టుకున్నాడు, విమానమెక్కి వెళ్లిపోయాడు. మధ్యలో ఎవరికీ రూపాయి ఆదాయం లేదు. అదే 287 వచ్చినవాణ్ని చూడండి. స్క్రీన్ మీద అంకె పడిన క్షణం నుంచీ అమీర్‌పేటలో వాడి పేరు మీద ఎన్ని పొయ్యిలు వెలుగుతాయో! అలాంటి దాతను పట్టుకుని ఇంట్లోవాళ్లు తిట్టడం అన్యాయం.

అసలు 287 తక్కువని ఎవరన్నారు? 340కి 287 అంటే 84 శాతం. బీటెక్ నాలుగేళ్లలో వాడు 84 శాతం మొహం చూసి ఎరుగునా? మేనత్తకు ఈ లెక్కే చెప్పాలి. వెర్బల్ అనే ఇంగ్లిషు భాగంలో 130, క్వాంట్ అనే లెక్కల భాగంలో 130, అంటే మొత్తం 260, అన్నీ తప్పు పెట్టినవాడికి కూడా వస్తాయన్న సంగతి ఆవిడకు అనవసరం. పరీక్ష పెట్టే ఈటీఎస్ వారిది జాలిగుండె. 2023 సెప్టెంబరు నుంచి నాలుగు గంటలకు దగ్గరగా ఉన్న పరీక్షను రెండు గంటల లోపుకు కుదించి, స్కోరు పోగొట్టుకోవడానికి పట్టే సమయాన్ని సగం చేశారు. తృప్తి కలగకపోతే 21 రోజులాగి మళ్లీ రాయొచ్చు, ఏడాదిలో ఐదుసార్ల దాకా. ప్రతిసారీ ఇరవై వేలకు పైనే కట్టాలి, అది వేరే విషయం.

కన్సల్టెన్సీవారు స్కోరు చూసి మొహం చిట్లించరు. "ప్రొఫైల్ బిల్డ్ చేద్దాం తమ్ముడూ" అంటారు. సేఫ్, మోడరేట్, యాంబిషియస్ అని మూడు వరసల్లో యూనివర్సిటీలు రాసిస్తారు. ఆ తర్వాత ఎస్‌వోపీ, అంటే ఈ చదువు ఎందుకు కావాలో యూనివర్సిటీకి రాసుకునే వ్యాసం. ఊళ్లో ఎవరి ఎస్‌వోపీ తీసినా చిన్నప్పటి నుంచీ కంప్యూటర్లంటే పిచ్చి అని మొదలవుతుంది. ఇంత పిచ్చి ఉన్న రాష్ట్రాల్లో ఇన్ని బ్యాక్‌లాగ్‌లు ఎక్కణ్నుంచి వచ్చాయో పరిశోధించాలి. ఎల్‌వోఆర్, అంటే కాలేజీ మాస్టార్లు ఇచ్చే సిఫార్సు లేఖ, దాని సంగతి మరీ పవిత్రం. "నా ముప్పయ్యేళ్ల సర్వీసులో ఇంతటి విద్యార్థిని చూడలేదు" అని విద్యార్థే టైపు చేసుకెళ్తాడు. హెచ్‌వోడీ గారు కళ్లజోడు సవరించుకుని, "నువ్వు ఏ బ్రాంచి బాబూ?" అని అడిగి సంతకం పెడతారు.

ఆపైన సీఏ గారు. కొత్త బైకు అడిగితే పదేళ్లుగా "డబ్బులెక్కడివిరా" అంటున్న తండ్రి, ఆయనిచ్చిన ఆస్తుల విలువ రిపోర్టు చదువుకుని తను కోటీశ్వరుణ్ని అని మొదటిసారి తెలుసుకుంటాడు. తెనాలి దగ్గర ఎకరంన్నర పొలానికి అంత రేటుందని ఆ పొలానికే తెలీదు. బ్యాంకు మేనేజరు కూడా ఆ కాగితం చూశాకే కుర్చీ చూపిస్తాడు. వీసాకు చిలుకూరు బాలాజీ ఉండనే ఉన్నాడు: మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, పని జరిగాక 108. స్కోరు ఆయన కూడా అడగడు.

ఇక అమెరికావారి ఔదార్యం. 2020లో కరోనా పుణ్యమా అని చాలా యూనివర్సిటీలు జీఆర్‌ఈ అక్కర్లేదన్నాయి. కరోనా పోయింది గానీ, కొన్నిచోట్ల ఆ మినహాయింపు పోలేదు. దీన్ని కొందరు ప్రమాణాలు పడిపోవడం అంటారు. గిట్టనివాళ్ల మాటలు. పీహెచ్‌డీవాడికి చాలాచోట్ల వాళ్లే ఫీజు మాఫీ చేసి, నెలనెలా స్టైపెండ్ కూడా ఇచ్చి పోషించాలి, కాబట్టి వాడి బుర్రలో ఏముందో తరచి చూస్తారు. ఎంఎస్‌కు చాలావరకు మనమే డాలర్లలో కడతాం, కాబట్టి బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఏముందో చూస్తారు. ఇందులో మోసమేముంది? ఎవరు డబ్బు పెడితే వారి అనుమానాలు వారివి.

అయినా పరీక్ష రాయాల్సిందేనని పట్టుబట్టే తండ్రులున్నారు. యూనివర్సిటీ అడక్కపోయినా రేపు పెళ్లిచూపుల్లో అడుగుతారని వాళ్ల బెంగ. పాపం, ఆ భయం అక్కర్లేదు. అడ్మిట్ లెటర్ ఒకసారి చదివించుకోమనండి. స్కోరు ఊసు ఎక్కడా ఉండదు. డిపాజిట్ గడువు మాత్రం బోల్డ్ అక్షరాల్లో రెండుచోట్ల ఉంటుంది.