డెషాంప్స్‌ను అదృష్టజాతకుడు అనేవాళ్లకు

ఫ్రాన్స్ ఫుట్‌బాల్ జట్టు పెద్ద మ్యాచ్ ఆడిన ప్రతిసారీ ఒక మాట చక్కర్లు కొడుతుంది. "డిడియర్ డెషాంప్స్‌లో గొప్పేం లేదు. ఆడే రోజుల్లో జిదాన్ పక్కన నిలబడి కప్పులు ఎత్తాడు. కోచ్ అయ్యాక వడ్డించిన విస్తరి దొరికింది. ఆ జట్టు ఉంటే ఎవరైనా గెలిపిస్తారు. పైగా ఆడించేది పిరికి ఆట. అంతా అదృష్టం." ఫుట్‌బాల్ బాగా తెలిసినవాళ్లు కూడా దీన్ని ముందుకు పంపుతున్నారు. ప్రపంచకప్‌ను ఆటగాడిగానూ, కోచ్‌గానూ గెలిచినవాళ్లు మారియో జగాలో, ఫ్రాంజ్ బెకెన్‌బౌర్, డెషాంప్స్ మాత్రమే. అందులో ఒకరిని ఇంత తేలిగ్గా తీసిపారేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. అందుకే ఆ మాటలో ఒక్కో ముక్కనూ విడిగా తీసి చూస్తున్నాను.

మొదటిది ఫ్రాన్స్ స్టార్ జిదాన్ సంగతి. యూరప్ క్లబ్బుల అతిపెద్ద కప్పు ఛాంపియన్స్ లీగ్‌ను డెషాంప్స్ ఆటగాడిగా రెండుసార్లు గెలిచాడు. 1993లో మ్యూనిక్‌లో ఏసీ మిలాన్‌ను 1-0తో ఓడించిన ఫ్రెంచ్ క్లబ్ మార్సేకి అతనే కెప్టెన్, అప్పటికి వయసు 24. (ఆ ఏడాది మ్యాచ్ ఫిక్సింగ్ కేసులో మార్సే ఫ్రెంచ్ లీగ్ టైటిల్ పోగొట్టుకుంది, అది నిజమే. యూరప్ కప్పు మాత్రం దాని దగ్గరే ఉంది.) 1996లో రోమ్‌లో యువెంటస్ తరఫున అయాక్స్‌పై పెనాల్టీల్లో గెలిచాడు. ఈ రెండు జట్లలోనూ జిదాన్ లేడు. అతను యువెంటస్‌లో చేరింది ఆ ఫైనల్ అయ్యాక, 1996 వేసవిలో. ఇద్దరూ కలిసి వెళ్లిన 1997, 1998 ఫైనళ్లు రెండూ ఓడిపోయారు. దీన్ని బట్టి జిదాన్‌ను తక్కువ చేయమని కాదు, పక్కన ఎవరున్నారో చూసి కప్పులు పంచే పద్ధతే సరికాదు. 1998 ప్రపంచకప్‌లో సౌదీ అరేబియాపై రెడ్ కార్డు తిన్న జిదాన్ రెండు మ్యాచ్‌లు బయట కూర్చున్నాడు. అందులో ఒకటి పరాగ్వేతో నాకౌట్. గోల్ పడక ఎక్స్‌ట్రా టైమ్ దాకా నడిచి, లారెంట్ బ్లాంక్ గోల్డెన్ గోల్‌తో (ఎక్స్‌ట్రా టైమ్‌లో ముందు గోల్ కొట్టినవాళ్లదే మ్యాచ్) తేలింది. ఆ టెన్షన్‌లో జట్టు మధ్యలో నిలబడ్డ కెప్టెన్ డెషాంప్స్.

ఫ్రాన్స్ ఆటగాడు ఎరిక్ కంటోనా 1996లో డెషాంప్స్‌ను "నీళ్లు మోసేవాడు" అన్నాడు, అంటే స్టార్లకు బంతి అందించే మామూలు పనివాడని. ఇప్పటికీ చాలామందికి అదే ఆధారం. ఆ పనేమిటో ఎవరూ చూడరు. బంతి ప్రత్యర్థి కాళ్ల దగ్గర ఉన్నప్పుడే ఎక్కడ ఖాళీ పడబోతోందో పసిగట్టాలి, అక్కడికి ముందే చేరాలి, లాక్కున్న బంతిని క్షణం ఆలస్యం లేకుండా ఆడగలిగేవాడికి అందించాలి. మైదానమంతా ఒకేసారి కళ్లముందు లేకపోతే ఇది కుదరదు. కోచ్‌గా అతను తీసుకున్న మంచి నిర్ణయాలన్నీ ఆ చూపు నుంచే వచ్చాయని నా నమ్మకం.

ఇక వడ్డించిన విస్తరి. 2001లో మొనాకో క్లబ్‌ను అప్పజెప్పారు, మొదటి సీజన్‌లో 15వ స్థానం. 2003లో అప్పుల వల్ల ఆ క్లబ్‌ను రెండో డివిజన్‌కు దించేయమని ఆదేశం వచ్చి, అప్పీలులో గట్టెక్కింది. ఏడాది తిరగకుండా అదే మొనాకో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో ఉంది. దారిలో క్వార్టర్ ఫైనల్లో జిదాన్, ఫిగో, రొనాల్డో, బెక్‌హామ్ ఉన్న రియల్ మాడ్రిడ్ చేతిలో 4-2తో ఓడి, సొంతగడ్డపై 3-1తో గెలిచి, మొత్తం స్కోరు సమమవడంతో, ప్రత్యర్థి మైదానంలో కొట్టిన గోల్స్ లెక్కలో ముందుకెళ్లింది. రియల్ తనకు అక్కర్లేదని అప్పుగా పంపిన మోరియెంటెస్ ఆ రెండు మ్యాచ్‌ల్లోనూ రియల్‌పైనే గోల్ కొట్టాడు. ఫైనల్లో పోర్టో 3-0తో ఓడించింది, అది వేరే సంగతి.

2006లో యువెంటస్‌ను కుంభకోణంలో రెండో డివిజన్‌కు తోశారు. ఇబ్రహిమోవిచ్, కన్నవారో, తురామ్ లాంటివాళ్లు వెళ్లిపోయారు, బఫన్, డెల్ పియెరో, నెద్వెద్ మిగిలారు. అప్పీళ్ల తర్వాత కూడా తొమ్మిది పాయింట్లు కోత. ఆ పని ఒప్పుకొని ఒక్క సీజన్‌లో పై డివిజన్‌కు చేర్చాడు. 2010లో మార్సేకి 18 ఏళ్ల తర్వాత లీగ్ టైటిల్ తెచ్చాడు. క్లబ్బుల్లో ఏమీ చేయలేదనేవాళ్లు వీటిలో దేన్ని మర్చిపోయారో నాకు అర్థం కాదు.

జాతీయ జట్టు కూడా సిద్ధంగా దొరకలేదు. 2010 ప్రపంచకప్‌లో ఆటగాళ్లు ట్రైనింగ్‌కు దిగబోమని సమ్మె చేశారు, జట్టు గ్రూప్ దశలోనే ఇంటికొచ్చింది. 2012లో డెషాంప్స్ తీసుకున్నది జనం విసిగిపోయిన జట్టును. 2013 నవంబర్‌లో కీవ్‌లో ఉక్రెయిన్ చేతిలో 2-0తో ఓడి, 2014 ప్రపంచకప్ చేజారే పరిస్థితి వచ్చింది. నాలుగు రోజుల్లో రెండో మ్యాచ్. జట్టులో ఐదుగురిని మార్చాడు. 3-0తో గెలిచి బ్రెజిల్‌కు వెళ్లారు. కొత్తగా దిగినవాళ్లలో సఖో, బెంజిమా గోల్స్ కొట్టారు.

"ఆ జట్టు ఉంటే ఎవరైనా" అనే మాటకు 2018 ప్రపంచకప్ మంచి జవాబు. మొదటి మ్యాచ్‌లో ఎంబాపె, గ్రీజ్‌మన్, డెంబెలె ముగ్గురినీ ముందు పెట్టాడు. చూడ్డానికి కళకళలాడే జట్టు. ఆస్ట్రేలియాపై 2-1తో ఎలాగో గెలిచింది. వెంటనే డెంబెలెను కూర్చోబెట్టి జిరూడ్‌ను తెచ్చాడు, మిడ్‌ఫీల్డర్ మటుయిడిని ఎడమ పక్కకు పంపాడు. ఎడమవైపు బరువు మటుయిడి మోస్తే కుడివైపు ఎంబాపె వెనక్కి పరిగెత్తకుండా స్వేచ్ఛగా ఉండొచ్చు. జిరూడ్ ఆ టోర్నీ మొత్తంలో గోల్ వైపు ఒక్క సరైన షాట్ కొట్టలేదు. అయినా అతన్ని తీయలేదు, ఎందుకంటే డిఫెండర్లను తనవైపు లాగి గ్రీజ్‌మన్‌కు చోటు తెచ్చేది అతనే. ఫైనల్లో 2-1 ఆధిక్యంలో ఉండగా 55వ నిమిషంలో కాంటెను బయటికి పిలిచాడు. టోర్నీ అంతా జట్టుకు వెన్నెముకలా ఉన్నవాడు, కానీ ఆ రోజు ఎల్లో కార్డు తిని ఇబ్బంది పడుతున్నాడు. పేరు చూసి భయపడే కోచ్ అక్కడ చేయి వేయడు. ఎన్జోంజి వచ్చాడు, పది నిమిషాల్లో పోగ్బా, ఎంబాపె గోల్స్‌తో స్కోరు 4-1 అయింది. చివరికి క్రొయేషియాపై 4-2.

2022 ప్రపంచకప్ నాటికి విస్తరిలో సగం ఖాళీ. పోగ్బా, కాంటె, కింపెంబె, ఎన్‌కుంకు, బెంజిమా అందరూ గాయాలతో దూరం. మొదటి మ్యాచ్‌లోనే లూకాస్ హెర్నాండెజ్ కూడా పోయాడు. మధ్యలో మిగిలిన ఖాళీని పూడ్చడానికి గ్రీజ్‌మన్‌ను ముందు వరుస నుంచి మిడ్‌ఫీల్డ్‌కు దించాడు. ఫైనల్లో అర్జెంటీనా చేతిలో 2-0తో వెనకబడి ఉండగా, హాఫ్ టైమ్ కూడా కాకముందే, 41వ నిమిషంలో జిరూడ్, డెంబెలెను తీసేసి కోలో మువానీ, మార్కస్ తురామ్‌లను దింపాడు. ప్రపంచకప్ ఫైనల్లో ఇలాంటిది చేయాలంటే గుండె ధైర్యం కావాలి. తర్వాత గ్రీజ్‌మన్‌నే తీసి కోమన్‌ను పంపాడు. 80వ నిమిషంలో పెనాల్టీ సంపాదించింది కోలో మువానీ. మరో నిమిషానికి మెస్సీ నుంచి బంతి లాక్కుంది కోమన్, చివరి పాస్ ఇచ్చింది తురామ్. గోల్స్ ఎంబాపెవే. వాటికి దారి వేసిన ముగ్గురూ బెంచి మీద నుంచి వచ్చినవాళ్లు.

పిరికి ఆట అన్నదాంట్లో కొంత నిజం ఉంది. 2024 యూరోలో (యూరప్ దేశాల కప్పు) ఫ్రాన్స్ సెమీస్ దాకా వచ్చింది ప్రత్యర్థులు తమ గోల్‌లోనే వేసుకున్న రెండు సొంత గోల్స్, ఒక పెనాల్టీతో. ఆ ఆటను నేను సమర్థించను. 2021లో జరిగిన యూరోలో స్విట్జర్లాండ్‌పై ముగ్గురు డిఫెండర్లతో మొదలుపెట్టడం కూడా అతని తప్పే, విరామంలో తనే మార్చుకోవాల్సి వచ్చింది. అయితే 2018లో అర్జెంటీనాపై 4-3, క్రొయేషియాపై 4-2, 2022లో ఖతార్‌లో ఆడిన ఫైనల్ 3-3 కూడా ఇదే కోచ్ ఆడించిన మ్యాచ్‌లు.

చివరిగా అదృష్టం. 2016 యూరో ఫైనల్లో చివరి క్షణాల్లో ఫ్రాన్స్ ఆటగాడు జిన్యాక్ కొట్టిన బంతి పోస్టుకు తగిలి వెనక్కొచ్చింది, ఎక్స్‌ట్రా టైమ్‌లో పోర్చుగల్ ఆటగాడు ఎడెర్ గోల్‌తో కప్పు పోయింది. 2022 ఫైనల్ ఎక్స్‌ట్రా టైమ్ ముగుస్తుండగా ఒంటరిగా దొరికిన కోలో మువానీ షాట్‌ను అర్జెంటీనా గోల్‌కీపర్ మార్టినెజ్ కాలు చాచి ఆపాడు, పెనాల్టీల్లో 4-2తో ఓడారు. అదృష్టం లెక్క తీసేవాళ్లు ఈ రెండింటినీ కూడా రాసుకోవాలి.