బెట్స్‌ను ఎవరి కోసం వదులుకున్నారు?

జులై చివరి రోజులు వచ్చాయంటే అమెరికాలో బేస్‌బాల్ అభిమానికి కంటి మీద కునుకుండదు. ఆటగాళ్ల మార్పిడికి గడువు ముంచుకొస్తుంటుంది. నిన్నటిదాకా మన జట్టు చొక్కా తొడుక్కున్నవాడు పొద్దున లేచేసరికి వేరే ఊరివాడైపోతాడు. కాదనే హక్కు ఆటగాడికే అంతంతమాత్రం. ఒప్పందంలో ప్రత్యేకంగా రాయించుకున్నవారికి, పదేళ్లు ఆడి అందులో చివరి ఐదేళ్లు ఒకే జట్టులో ఉన్నవారికి తప్ప అది దక్కదు. ఇక టికెట్ కొన్న అభిమానిని అడిగేదెవరు? అందుకే అతడు అరుస్తాడు. యాజమాన్యాలు దాన్ని లోతు తెలియనివారి గోలగా తీసిపారేస్తాయి. 2020లో తన మేటి ఆటగాడు మూకీ బెట్స్‌ను వదులుకున్న బాస్టన్ రెడ్ సాక్స్ జట్టు చరిత్ర తిరగేస్తే అది అంత తేలిగ్గా తీసిపారేయవలసిన గోల కాదని మాకు అనిపిస్తోంది.

ముందు అభిమాని పొరబడిన సందర్భమే చూద్దాం. 2004 జులై 31న బాస్టన్ ముద్దుబిడ్డ, షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య కాచే ఫీల్డర్) నోమార్ గార్సియాపారాను జనరల్ మేనేజర్ థియో ఎప్‌స్టీన్ నాలుగు జట్ల మధ్య కుదిరిన మార్పిడిలో షికాగో కబ్స్‌కు పంపించేశాడు. ఊరు భగ్గుమంది. బదులుగా వచ్చిన ఓర్లాండో కాబ్రేరా, డగ్ మింట్‌కేవిచ్ జనం ఎగబడి చూసే తారలేమీ కారు. కాకపోతే ఇద్దరూ ఫీల్డింగ్‌లో దిట్టలు. జట్టుకు అప్పుడు కరువైంది సరిగ్గా అదే. ఆ రోజే, ఎవరూ పట్టించుకోని మరో చిన్న బేరంలో లాస్ ఏంజెలెస్ జట్టు డాడ్జర్స్ నుంచి డేవ్ రాబర్ట్స్ వచ్చాడు. బ్యాటు కన్నా కాళ్లను నమ్ముకున్న ఆటగాడు.

అక్టోబరులో, ఏడు మ్యాచ్‌ల లీగ్ ఫైనల్లో, న్యూయార్క్ యాంకీస్ చేతిలో వరసగా మూడు ఓటములు. నాలుగో మ్యాచ్‌లో, మామూలుగా చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో, బాస్టన్ ఒక్క పరుగు వెనకబడి ఉంది. నాలుగు బేస్‌లూ చుట్టి వస్తేనే ఆ పరుగు. ఫస్ట్ బేస్ చేరిన కెవిన్ మిల్లార్ బదులు పరిగెత్తడానికి రాబర్ట్స్‌ను దించారు. బంతి యాంకీస్ పిచర్ (బంతి వేసేవాడు) మరియానో రివేరా చేతిలో ఉంది. బ్యాటర్ బంతిని కొట్టకముందే రాబర్ట్స్ తర్వాతి బేస్‌కు పారిపోయే ప్రయత్నం చేస్తాడని స్టేడియంలో అందరికీ తెలుసు. రివేరా మూడుసార్లు ఫస్ట్ బేస్ వైపు బంతి విసిరి బెదిరించి చూశాడు. నాలుగోసారి బ్యాటర్‌కు వేయగానే రాబర్ట్స్ లగెత్తి, చేతులు ముందుకు చాచి సెకండ్ బేస్ మీదికి బొక్కబోర్లా జారాడు. వెంట్రుకవాసిలో గట్టెక్కాడు. బిల్ మ్యుల్లర్ కొట్టిన దెబ్బకు అతడే వచ్చి స్కోరు సమం చేశాడు. ఆ మ్యాచ్, తర్వాతి మూడు మ్యాచ్‌లు, ఆపై రెండు లీగ్‌ల విజేతలు తలపడే ఫైనల్ వరల్డ్ సిరీస్, అన్నీ బాస్టన్‌వే. సిరీస్‌ను ముగించిన చివరి బంతి పడింది మింట్‌కేవిచ్ చేతిలోనే. జులైలో తిట్టిన నోళ్లు ఆ తర్వాత ఎప్‌స్టీన్‌ను వేలెత్తి చూపలేదు.

అప్పుడు తీరింది 86 ఏళ్ల కప్పు కరువు. అది మొదలైందీ ఒక బేరంతోనే. 1919 డిసెంబరులో బాస్టన్ యజమాని హ్యారీ ఫ్రేజీ మేటి ఆటగాడు బేబ్ రూత్‌ను లక్ష డాలర్లకు యాంకీస్‌కు అమ్మేశాడు. జట్టు సొంత మైదానం ఫెన్వే పార్కు తాకట్టు మీద వారి దగ్గరే అప్పు కూడా తీసుకున్నాడు. మరుసటి ఏడాది రూత్ న్యూయార్క్‌కు 54 హోమ్ రన్‌లు (క్రికెట్‌లో సిక్సర్ లాంటివి) కొట్టాడు. బాస్టన్‌కు శాపం తగిలిందని జనం తరతరాలుగా చెప్పుకున్నారు. మాకు శాపాల మీద నమ్మకం లేదు, తాకట్టు పత్రాల మీద ఉంది.

2020 ఫిబ్రవరిలో మూకీ బెట్స్‌ను డాడ్జర్స్‌కు ఇచ్చేసినప్పుడు అభిమాని అడిగింది ఇదే: గార్సియాపారా బేరమా, రూత్ బేరమా? 2011 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్తవారిని ఎంచుకునే కార్యక్రమంలో, ఐదో రౌండులో ఎంచుకుని, తన చేతులతో పెంచుకున్న ఆటగాడు బెట్స్. 2018లో లీగ్‌లో అత్యుత్తముడిగా నిలిచి, జట్టుకు కప్పూ తెచ్చాడు. అతడితో పాటు పిచర్ డేవిడ్ ప్రైస్‌నూ పంపి, ప్రైస్ జీతంలో సగం బాస్టనే భరించింది. 2020కి జట్టు మొత్తం జీతాల పరిమితి 20.8 కోట్ల డాలర్లు. అది దాటితే లగ్జరీ ట్యాక్స్ కట్టాలి, ఏటేటా దాటుతుంటే రేటు పెరుగుతుంది. అసలు కథ అక్కడుంది.

ఏడాదిలో ఒప్పందం ముగిసి ఎలాగూ వెళ్లిపోయేవాడే కదా అని యాజమాన్యాన్ని వెనకేసుకొచ్చినవారున్నారు. ఆ జులైలోనే, కొత్త జట్టుకు సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందే, బెట్స్ డాడ్జర్స్‌తో 12 ఏళ్లకు 36.5 కోట్ల డాలర్ల ఒప్పందం రాసుకున్నాడు. ఉండడానికి ఇష్టం లేనివాడు కాదు, తగిన ధర అడిగినవాడు. బదులుగా వచ్చిన ముగ్గురిలో జెటర్ డౌన్స్ బాస్టన్‌కు ఆడింది 14 మ్యాచ్‌లు. అలెక్స్ వెర్డూగోను 2023 చివర్లో యాంకీస్‌కే ఇచ్చేశారు. ఇక మిగిలింది క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడు) కానర్ వాంగ్. డాడ్జర్స్ 2020లో, 2024లో, 2025లో వరల్డ్ సిరీస్ గెలిచింది. మూడుసార్లూ ఆ జట్టు మేనేజర్, అంటే కోచ్, ఎవరనుకున్నారు? డేవ్ రాబర్ట్స్.

ఈ బాధ తెలుగువారికి కొత్తేమీ కాదు. 2016లో కప్పు తెచ్చిన వార్నర్‌ను 2021లో సీజన్ మధ్యలో కెప్టెన్సీ నుంచి, ఆపై తుది జట్టు నుంచి తప్పించినప్పుడు హైదరాబాద్ అభిమాని గుండె ఎలా చివుక్కుమందో మనకు తెలుసు. ఐపీఎల్‌లో జట్టు మార్చాలంటే ఆటగాడి సమ్మతి కావాలి, అదొక్కటే నయం.

రఫేల్ డెవర్స్ వ్యవహారం ఇంత సూటిగా తేలదు. 2023 జనవరిలో పదేళ్లకు 31.35 కోట్ల డాలర్లిచ్చి కట్టిపడేసుకున్న బ్యాటర్ అతడు. 2025లో థర్డ్ బేస్‌కు అలెక్స్ బ్రెగ్‌మన్‌ను తెచ్చి, డెవర్స్‌ను అక్కడి నుంచి కదిలించి బ్యాటింగ్‌కే పరిమితం చేశారు. మేలో ఫస్ట్ బేస్‌లో ఆడే ట్రిస్టన్ కాసాస్ మోకాలు దెబ్బతినగానే ఫస్ట్ బేస్‌లో నిలబడమన్నారు. కుదరదన్నాడు. ఇంత జీతం పుచ్చుకునేవాడు అలా అనవచ్చా అని అడిగినవారి మాటలో న్యాయం ఉంది. జూన్ 15న యాంకీస్‌పై మూడు మ్యాచ్‌లకు మూడూ గెలిచిన రోజునే, డెవర్స్ హోమ్ రన్ కొట్టిన కొన్ని గంటలకే, శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కు పంపేశారు. మిగిలిన ఒప్పందం భారమంతా జెయింట్స్ తలకెత్తుకుంది. అతడు లేకుండానే బాస్టన్ 89 మ్యాచ్‌లు గెలిచి ప్లేఆఫ్స్ చేరిందన్నదీ నిజమే, కాదనం. కానీ ఎవరి కోసం అతడిని కదిలించారో ఆ బ్రెగ్‌మన్ సీజన్ ముగియగానే ఒప్పందంలోని వెసులుబాటు వాడుకుని బయటికి నడిచాడు.

వారం తిరగకముందే బాస్టన్ జట్టు శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లింది. రెండో మ్యాచ్‌లో డెవర్స్ పాత సహచరుల మీదే హోమ్ రన్ కొట్టాడు, జెయింట్స్ ఒక్క పరుగు తేడాతో గెలిచింది. నెల తర్వాత అతడు గ్లోవ్ తొడుక్కుని ఫస్ట్ బేస్‌లో నిలబడ్డాడు. బాస్టన్‌లో ఎంత అడిగినా నిలబడనన్న చోటే. అక్కడివారు అతడిని ఏమని అడిగారో బాస్టన్ యాజమాన్యం ఒకసారి ఫోన్ చేసి కనుక్కుంటే బాగుండేది.