లాత్వియా ఆర్ట్ చాలావరకు లాత్వియా బయటే పుట్టింది

బాల్టిక్ సముద్రం పక్కనున్న లాత్వియా దేశపు నేషనల్ ఆర్ట్ అనగానే చాలామంది జానపద నేత డిజైన్లు, మంచు కరిగే ఏరులు, బర్చ్ చెట్లు చూపించి ఆగిపోతారు. నాకైతే అది సగం కథే. ఆ దేశపు ఆధునిక కళలో గట్టిగా నిలిచిన పని చాలావరకు ఊరుగాని ఊళ్లో, ఇల్లూ వాకిలీ వదిలి వెళ్లినవాళ్ల చేతుల్లో తయారైంది, దాని బలం కూడా అక్కడే ఉందని నేను గట్టిగా నమ్ముతున్నా.

19వ శతాబ్దం చివర్లో లాత్వియా అనే దేశమే లేదు. రష్యా సామ్రాజ్యంలో ఒక మూల, ఎస్టేట్లేమో బాల్టిక్ జర్మన్లవి, అంటే తరాలుగా అక్కడ పాతుకుపోయిన జర్మన్ దొరలవి, ఇప్పటి రాజధాని రీగాలో డబ్బూ పరపతీ కూడా ఎక్కువగా వాళ్లదే. అందుకే లాత్వియన్ కుర్రాళ్లు పెయింటింగ్ నేర్చుకోవడానికి సెయింట్ పీటర్స్‌బర్గ్ బాట పట్టారు, అక్కడే 1890ల్లో 'రూకిస్' అనే గ్రూప్‌గా కలిశారు. దానికి పెద్ద దిక్కయిన ఆదామ్స్ అల్క్‌స్నిస్ 1897లో చిన్న వయసులోనే పోయాడు. యానిస్ రొజెంటాల్స్ 1894లో డిప్లొమా కోసం వేసిన బొమ్మలో దేవతల్లేరు, రాజుల్లేరు, ప్రార్థన అయ్యాక చర్చి నుంచి బయటికొస్తున్న ఊరి జనం ఉన్నారు అంతే. ఆ జనాన్ని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని జార్ల ఆర్ట్ స్కూల్ ఇంపీరియల్ అకాడమీ ముందు నిలబెట్టడం అప్పట్లో చిన్న విషయం కాదు. విల్హెల్మ్స్ పుర్వీటిస్ మంచు ల్యాండ్‌స్కేప్స్ కూడా ఈ తరానివే, గొప్పవే, కానీ నన్ను కదిలించేది ఆ తర్వాతి తరం.

1915లో, మొదటి ప్రపంచ యుద్ధంలో, జర్మన్ సైన్యం లాత్వియా పడమటి ప్రాంతమైన కుర్లాండ్‌లోకి దూసుకొచ్చింది, లక్షల మంది మూటాముల్లె సర్దుకుని తూర్పుకి పోయారు. అలా పోయిన ఆర్ట్ స్టూడెంట్స్‌లో కొందరు రష్యాలోని పెన్జా ఆర్ట్ స్కూల్లో చేరారు, యేకబ్స్ కజాక్స్ ఆ బ్యాచే. 1917లో అతను వేసిన 'శరణార్థులు' చూడండి, ఫ్రెంచ్ పెయింటర్ సెజాన్ దగ్గర్నుంచీ, వస్తువుల్ని కోణాలుగా విడగొట్టి వేసే క్యూబిజం దగ్గర్నుంచీ నేర్చుకున్న సాదా ఆకారాలే, కానీ ఏడిపించడానికి ఒక్క గీత కూడా గీయలేదు, అయినా ఆ మనుషుల బరువు మన మీద పడుతుంది. పారిస్‌లో చదువుకొచ్చిన యాజెప్స్ గ్రోస్వాల్డ్స్ కూడా అదే పని చేశాడు, శరణార్థుల్నీ, రష్యా సైన్యంలోని లాత్వియన్ సైనికులైన రైఫిల్‌మెన్‌నీ వేశాడు, తనూ యూనిఫాం వేసుకున్నవాడే. 1918 నవంబర్ 18న దేశానికి స్వాతంత్ర్యం ప్రకటించారు, 1920లో ఇద్దరూ పోయారు, గ్రోస్వాల్డ్స్ ఫ్లూతో, కజాక్స్ టీబీతో. ఇద్దరికీ ముప్పై కూడా రాలేదు.

పోకముందు అదే ఏడాది కజాక్స్, అతని స్నేహితులు కలిసి రీగా ఆర్టిస్ట్స్ గ్రూప్ పెట్టారు. ఈ కొత్త తరహా బొమ్మలు విదేశీ సరుకు, మనవి కాదు అని పాతవాళ్లు గోల చేశారు, లేని ఆర్టిస్టు పేరు ఒకటి కల్పించి వెక్కిరింపు ఎగ్జిబిషన్ కూడా పెట్టారు. ఆ వాదనకి నా దృష్టిలో సరైన జవాబు 1924లో మొదలైన బాల్టార్స్ పింగాణీ వర్క్‌షాప్. రొమాన్స్ సుతా, అలెక్సాండ్రా బెల్త్సోవా, సిగిస్మున్డ్స్ విడ్‌బెర్గ్స్ కలిసి ప్లేట్ల మీద పల్లె పెళ్లిళ్లనీ జానపద నమూనాల్నీ క్యూబిస్ట్ పద్ధతిలో వేశారు, 1925 పారిస్ ఎగ్జిబిషన్‌లో గోల్డ్ మెడల్స్ కొట్టారు. ఇందులో బెల్త్సోవా పుట్టుకతో లాత్వియన్ కూడా కాదు, రష్యా సామ్రాజ్యంలోని సురాజ్‌లో పుట్టి పెన్జాలో వీళ్లతో కలిసింది. ఆమెని తీసేసి లాత్వియా మోడర్నిజం గురించి చెప్పడం ఎవరి వల్లా కాదు, కాబట్టి రక్తం లెక్క ఇక్కడ అస్సలు పనికిరాదు.

తిరిగి రాని వాళ్ల సంగతే నాకు బాధగా ఉంటుంది. గుస్తావ్స్ క్లుత్సిస్ రైఫిల్‌మన్‌గా వెళ్లి మాస్కోలోనే ఉండిపోయాడు, ఫొటో ముక్కలు కలిపి అతికించే ఫొటోమాంటేజ్ పోస్టర్లకి ప్రాణం పోసినవాళ్లలో ఒకడు, అలెక్సాండ్ర్స్ ద్రేవిన్ష్ కూడా అక్కడే పెయింటర్‌గా స్థిరపడ్డాడు. లాత్వియన్లని ఏరి ఏరి పట్టుకున్న స్టాలిన్ ఆపరేషన్‌లో ఇద్దర్నీ 1938లో కాల్చేశారు. ప్రపంచంలో మామూలుగా వీళ్లని రష్యన్ అవాంగార్డ్ (కొత్త ప్రయోగాల ఆర్టిస్టులు) ఖాతాలో వేసేస్తారు. లాత్వియన్ పుట్టుక వల్లే చంపబడ్డవాళ్లకి లాత్వియన్ ఆర్ట్ చరిత్రలో కజాక్స్, గ్రోస్వాల్డ్స్ పక్కనే చోటు ఇవ్వాలి, ఫుట్‌నోట్‌లో కాదు.